అడుగు వెనక అల్లిక

ఆదివారం ఉదయం ఆరు దాటింది. తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వచ్చేవాళ్ల సందడి మొదలైంది. మెడకు మఫ్లర్ చుట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగులు, చీర కింద కాన్వాస్ షూ తొడుక్కున్న గృహిణులు, పోలీసు ఉద్యోగాల కోసం పరుగు సాధన చేస్తున్న కుర్రాళ్లు. ఆర్ట్స్ కాలేజీ రాతి గోడల మీదికి ఎండ ఇంకా ఎక్కలేదు. మనుషుల ముఖాలు వదిలేసి కాసేపు పాదాలే చూడండి. మడమ నేలకు ఆనుతుంది. బరువు ముందుకు జరుగుతుంది. బొటనవేలు నేలను తన్ని పైకి లేస్తుంది. ఆ కాలు గాలిలో ముందుకు ఊగేటప్పుడు వేళ్లకూ నేలకూ మధ్య ఉండే ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లు, అంతే. నడిచే మనిషికి ఆ లెక్క తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు.

కొందరికి ఆ కాస్త ఖాళీ కూడా కరువవుతుంది. మోకాలు వంగనని మొరాయిస్తుంది, పాదం ముందుకు జారి వేళ్లు నేలను రాసుకుంటాయి. అలాంటివాళ్ల చెప్పులు తిరగేసి చూస్తే మడమ దగ్గర కొత్తగానే ఉంటాయి, ముందు అంచు మాత్రం అరిగిపోయి ఉంటుంది. అనుభవం ఉన్న నరాల డాక్టరు ఎక్స్‌రే కన్నా ముందు చెప్పులు చూసేది ఇందుకే.

ఈ తడబాటుకు కారణం కొన్నిసార్లు జన్యువుల్లోనే ఉంటుంది. భారతీయుల జన్యు పటం గురించి ఇప్పుడు ఎక్కడ చూసినా మాటలు వినిపిస్తున్నాయి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో చదివిన పదివేల మంది జన్యుక్రమాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఆ పనిలో మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా భాగస్వామి. ఒకప్పుడు పెద్ద ల్యాబులకే పరిమితమైన జన్యు పరీక్ష రిపోర్టులు ఇప్పుడు మామూలు ఇళ్ల బీరువాల్లోకీ చేరాయి. ఆ కాగితాల్లో అర్థంకాని పేర్లు కొన్ని ఉంటాయి: అట్లాస్టిన్, స్పాస్టిన్, రీప్-1, రెటిక్యులాన్-2. నడక తడబడే కుటుంబాల రిపోర్టుల్లో కనిపించే ఈ ప్రోటీన్ల పని కాళ్లకు సంబంధించింది కానే కాదు. కణం లోపల ఉండే ఒక పొరల వలకు ఆకారం ఇచ్చి, ఆ ఆకారాన్ని నిలబెట్టడం వాటి పని.

పేరు దొరకని ఏళ్లు

ఈ జబ్బును డాక్టర్లు హెరిడిటరీ స్పాస్టిక్ పారాప్లీజియా అంటారు, పొట్టిగా హెచ్‌ఎస్‌పీ. వంశంలో వచ్చే కాళ్ల బిగుతు. జర్మనీలో ఆడాల్ఫ్ స్ట్రుంపెల్ 1880ల్లోనే దీన్ని వర్ణించాడు. లక్ష మందిలో ఇద్దరి నుంచి పదిమంది వరకూ ఉంటారని అంచనా. ఇప్పటికి ఎనభైకి పైగా రకాలు గుర్తించారు. కొందరికి నడక నేర్చే వయసులోనే మొదలవుతుంది, కొందరికి నలభై దాటాక. చాలామందిలో తెలివికి, మాటకు, చేతులకు ఏ లోటూ రాదు, ఆయుర్దాయమూ తగ్గదు. కాళ్లు మాత్రం ఏడాదికేడాది బిగుసుకుపోతాయి. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది తోడవుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేక ఊళ్లకు, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసేవాళ్లుంటారు.

అసలు బాధ పేరు దొరకకపోవడం. చిన్నతనంలో మొదలైతే పుట్టినప్పుడు మెదడుకు దెబ్బ తగిలిందనుకుని సెరిబ్రల్ పాల్సీ అని రాసేస్తారు. పెద్దయ్యాక వస్తే నరాల బలహీనత, వెన్నుపూస అరుగుదల అంటూ బీ-12 ఇంజెక్షన్లు, బెల్టులు. నాన్నమ్మ కూడా ఇలాగే నడిచేదని ఎవరో గుర్తు చేసేదాకా రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచనే రాదు. తల్లిని తప్పుపట్టడం, మేనరికాన్ని తప్పుపట్టడం, గ్రహాలను తప్పుపట్టడం మాత్రం మొదటి రోజే మొదలవుతాయి. హెచ్‌ఎస్‌పీలో ఎక్కువగా కనిపించే స్పాస్టిన్, అట్లాస్టిన్, రీప్-1 రకాలు చాలావరకు మేనరికంతో సంబంధం లేకుండా తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు ద్వారా వస్తాయి. ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇందులో నేరం చేసినవాళ్లు ఎవరూ లేరు.

మీటరు పొడవున్న కణం

తొమ్మిదో తరగతి పాఠంలో అందరం చదువుకున్నదే: అంతర్జీవద్రవ్య జాలం. శాస్త్రవేత్తలు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అంటారు. పరీక్షలో ఐదు మార్కులకు బొమ్మ గీసి, కేంద్రకం పక్కన నాలుగు వంకర గీతలు పెట్టి వదిలేశాం. నిజానికి జంతు కణంలో ఉన్న పొరలన్నిటిలో సగానికి పైగా దీనివే. కేంద్రకం చుట్టూ ఉండే పొరతో మొదలై, పరచిన రేకుల్లా కొంత, సన్నని గొట్టాల వలలా కొంత, కణం అంచులదాకా తెగకుండా ఒక్కటిగా సాగుతుంది. బయటికి పంపాల్సిన ప్రోటీన్లు తయారై మడత పడేది ఇక్కడే. కొవ్వు పదార్థాలు తయారయ్యేది, కాల్షియం నిల్వ ఉండేది కూడా ఇక్కడే.

దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మొదట చూసింది 1945లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో. కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ కోడిపిల్ల పిండం నుంచి తీసిన కణంలో జరీ అల్లికలాంటి ఈ వలను ఫొటో తీశారు. క్లాడ్‌కు, తర్వాత ఇదే దారిలో నడిచిన జార్జ్ పలాడేకు, క్రిస్టియన్ డి డ్యూవ్‌కు 1974లో నోబెల్ వచ్చింది.

గొట్టం మందం యాభై నుంచి వంద నానోమీటర్లు. మన వెంట్రుక అంతకు వెయ్యి రెట్లు లావు. ఇంత సన్నని గొట్టం నాడీకణంలో ఎంత దూరం వెళ్లాలో చూడండి. మెదడు పైభాగంలో కాళ్లను కదిలించే కణం ఒకటి ఉంటుంది. దాని తోక వెన్నుపాము గుండా నడుము దాకా దిగుతుంది. పొడుగు మనిషిలో అది ఇంచుమించు మీటరు. ఆ తోక పొడవునా, మొదటి నుంచి చివరిదాకా, ఈ గొట్టాలు తెగకుండా సాగుతూనే ఉండాలి.

వంచేవీ, కలిపేవీ

కొవ్వు అణువుల పొరకు దాని ఇష్టానికి వదిలేస్తే చదునుగా పరుచుకోవడమే ఇష్టం. దాన్ని ఇంత సన్నని గొట్టంగా ఎవరు చుట్టారన్న ప్రశ్నకు 2006 దాకా జవాబు లేదు. హార్వర్డ్‌లో టామ్ రాపొపోర్ట్ ల్యాబులో పనిచేస్తున్న జియా వోల్ట్జ్ బృందం కప్పగుడ్ల నుంచి తీసిన పదార్థంలో ఈ వల గాజు పలక మీదే అల్లుకోవడం చూసింది. అల్లిక ఆగిపోయేలా చేసే రసాయనాల వెంట పడి, చివరికి రెటిక్యులాన్ అనే ప్రోటీన్ల కుటుంబాన్ని పట్టుకుంది. దానిలాగే పనిచేసేవి రీప్ ప్రోటీన్లు.

రెటిక్యులాన్‌లో జుట్టుపిన్నులా మడిచిన రెండు భాగాలుంటాయి. పొరకు రెండు అరలు. ఈ పిన్ను బయటి అరలోకి ఎక్కువగా, లోపలి అరలోకి తక్కువగా దిగుతుంది. బయటివైపు విస్తీర్ణం పెరిగిపోతే పొర వంగక తప్పదు. కాగే నూనెలో వేసిన అప్పడం ఒక వైపు ముందుగా ఉబ్బి రెండోవైపుకు చుట్టుకుపోవడం వంటింట్లో రోజూ చూస్తున్నదే. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. ఇలాంటి ప్రోటీన్లు పక్కపక్కనే బారుగా చేరి పొరను గొట్టంగా పట్టి ఉంచుతాయి.

గొట్టాలు చేస్తే సరిపోదు, వాటిని వలగా కలపాలి. ఆ పని అట్లాస్టిన్‌ది. 2009లో రెండు బృందాలు ఈ సంగతి బయటపెట్టాయి. ఒక గొట్టం మీది అట్లాస్టిన్ ఎదుటి గొట్టం మీది అట్లాస్టిన్‌ను పట్టుకుంటుంది. జీటీపీ అనే ఇంధనం ఖర్చుచేసి రెండింటినీ దగ్గరికి లాగి ఒక్కటి చేస్తుంది. అలా ఏర్పడిన మూడు దారుల కూడలి చెదరకుండా లూనాపార్క్ అనే ఇంకో ప్రోటీన్ చూసుకుంటుంది. చదునైన రేకుల మందం చూసేది క్లింప్-63.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ప్రయోగం 2017 నాటిది. రాపొపోర్ట్ బృందమే చేసింది. కణమే లేదు. కొవ్వు బుడగలు, వాటిలో రెండే రెండు రకాల ఈస్ట్ ప్రోటీన్లు, ఒకటి వంచేది, ఒకటి కలిపేది. జీటీపీ పోయగానే గాజు మీద వల దానంతట అదే అల్లుకుంది. జీటీపీ వాడకాన్ని ఆపేయగానే అదే వల ముక్కలైపోయింది. ఆకారం అంటే ఒకసారి కట్టి వదిలేసే గోడ అనుకుంటాం. ఈ వల విషయంలో అది నిజం కాదు. తెగుతూ, కలుస్తూ, అనుక్షణం శ్రమపడితేనే అది వలగా మిగులుతుంది. మనం నిద్రపోతున్నప్పుడు కూడా ఆ శ్రమ ఆగదు.

> ఉల్లిపొర మీద చూడొచ్చు
> ఈ వలను బతికుండగా చూడటానికి బయాలజీ ల్యాబుల్లో ఎప్పటినుంచో వాడే సరుకు ఉల్లిపాయ. రెక్క లోపలివైపు పలచటి పొరను ఒలిచి, వెలుగునిచ్చే రంగులో కాసేపు ఉంచి, ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ కింద పెడితే పచ్చటి దారాల వల కనిపిస్తుంది. కన్నార్పకుండా చూస్తే ఒక దారం పొడుగు సాగి పక్కదానికి తగులుకుంటుంది, ఇంకో చోట ఒక గడి మూసుకుపోతుంది. మొక్కల్లో అట్లాస్టిన్ పని చేసే ప్రోటీన్ పేరు ఆర్‌హెచ్‌డీ-3. అది చెడిపోయిన ఆవాల జాతి మొక్కకు వేరు నూగు తిన్నగా పెరగక, పొట్టిగా, వంకరలు తిరుగుతుంది. మనిషిలో కాలు, మొక్కలో వేరు నూగు. రెండూ పొడవుగా సాగాల్సిన కణాలే.

ఉప్పల్ రోడ్డు మీద ఒక ల్యాబు

తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ వైపు మెట్రో స్తంభాల వెంబడి వెళ్తే ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ తగులుతాయి. వెనకంతా ఉస్మానియా. దేశంలో ఇంత కొద్ది దూరంలో ఇంత సైన్సు ఉన్న రోడ్లు తక్కువ. సీసీఎంబీ 1977లో తార్నాకలోని రీజినల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ ఆవరణలోనే పుట్టింది. ఇప్పటి ఐఐసీటీ అదే. పుష్పమిత్ర భార్గవ పట్టుదలతో సొంత భవనం లేచింది, 1987 నవంబరులో ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు.

డీఎన్‌ఏ వేలిముద్రలు, కోవిడ్ పరీక్షల వల్ల సీసీఎంబీ పేరు ఇంటింటికీ తెలుసు. పత్రికలకు ఎక్కని పనులు కూడా అక్కడ చాలా జరిగాయి. కేంద్రకం చుట్టూ ఉండే పొర, ఈ జాలం రెండూ ఒకే పొర అని చెప్పుకున్నాం కదా. ఆ కేంద్రక పొరకు లోపలివైపు ఆసరాగా నిలిచే లామిన్ ప్రోటీన్ల మీద వీణా పర్నాయక్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. జాలం రెండో కొసన, అంటే తయారైన సరుకు గాల్జీ అనే తర్వాతి కణాంగానికి బయలుదేరే చోట, ఘన్‌శ్యామ్ స్వరూప్ బృందం పనిచేసింది.

జాలానికీ గాల్జీకీ మధ్య ఒక మజిలీ ఉంటుంది. జాలం గడప దాటిన ప్రోటీన్లు అక్కడ ఆగి ముందుకు పోతాయి. సింటాక్సిన్-17 అనే ప్రోటీన్ జాలం నుంచి ఆ మజిలీకి, మజిలీ నుంచి జాలానికి తిరుగుతూ ఉంటుందని ముప్పిరాల, గుప్తా, స్వరూప్ 2011లో ప్రచురించారు. కణాల్లో దాన్ని తగ్గించి చూస్తే ఆ మజిలీ, గాల్జీ రెండూ తమ ఆకృతిని కోల్పోయాయి. పొరల్ని కలిపే ప్రోటీన్ తగ్గితే ఒక కట్టడమే కుదురు తప్పుతుందని మన ఉప్పల్ రోడ్డు మీద తేలిందన్నమాట. మరుసటి ఏడాది జపాన్‌లో నొబొరు మిజుషిమా బృందం అదే సింటాక్సిన్-17కు ఇంకో పని కనిపెట్టింది. కణం తన చెత్తను తానే తినేసే ప్రక్రియలో చివరి అతుకు వేసేది అదే. అప్పటినుంచి ప్రపంచమంతా దాని మీద పడింది.

ఈ పని మొదలుపెట్టినప్పుడు ఏ రోగికి ఉపయోగమని ఎవరైనా అడిగి ఉంటే జవాబు ఉండేది కాదు. అడగకుండా డబ్బిచ్చిన రోజుల పుణ్యం అది. మూల పరిశోధనకు నిధులు అడిగిన ప్రతిసారీ ‘దీనివల్ల ప్రజలకేంటి’ అనే ప్రశ్న ఎదురవుతున్న ఈ కాలంలో ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

> డెంగీ దోమ కుట్టాక
> హైదరాబాద్‌లో ఏటా వానలు పడగానే భయపెట్టే డెంగీ వైరస్ తన నకళ్లు తయారు చేసుకునేది ఈ జాలం పొరల మీదే. పొరల్ని లోపలికి నొక్కి చిన్న చిన్న గూళ్లు చేసుకుంటుంది. డెంగీ, జికా వైరస్‌లు ఈ పనికి మన అట్లాస్టిన్లనే వాడుకుంటాయని 2019లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

> నరం పెరగనీయని ప్రోటీన్
> రెటిక్యులాన్-4కు ఇంకో పేరు నోగో. వెన్నుపాములో తెగిన నరం మళ్లీ చిగురించకుండా అడ్డుపడేవాటిలో ఇది ఒకటని 2000లో తెలిసింది. దాన్ని అడ్డుకునే యాంటీబాడీలను వెన్నుపాము గాయాలైన మనుషుల్లో పరీక్షించారు. అదే ప్రోటీన్ గొట్టాలను వంచుతుందని తెలియడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

గడప దగ్గర తెగిన పోగు

జాలం నుంచి సరుకు బయలుదేరే గడప దగ్గర టీఎఫ్‌జీ అనే ఇంకో ప్రోటీన్ కాపలా ఉంటుంది. 2013లో ఒక భారతీయ కుటుంబం కథ శాస్త్ర పత్రికలో వచ్చింది. తల్లిదండ్రులది దగ్గరి బంధువుల పెళ్లి. ఇద్దరు బిడ్డలకు చిన్నతనం నుంచే కాళ్ల బిగుతు, దాంతోపాటు చూపు మందగించడం. జన్యుక్రమం చదివితే టీఎఫ్‌జీలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. 106వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట సిస్టీన్. ఆ ఒక్క మార్పుతో టీఎఫ్‌జీ అణువులు ఒకదానితో ఒకటి సరిగ్గా జట్టుకట్టలేకపోయాయి. టీఎఫ్‌జీ పనిని అడ్డుకున్న కణాల్లో జాలం ఆకృతి చెడిపోయింది. ఇలాంటి రకాల్లో తల్లి, తండ్రి ఇద్దరూ ఆ మార్పును మోస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది, అదీ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరూ ఒకే మార్పు మోసే అవకాశం ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆ లెక్క నిజంగా వర్తిస్తుంది. నిందించడానికి ఆ లెక్క పనికిరాదు. తర్వాతి బిడ్డ గురించి, అక్కచెల్లెళ్ల పిల్లల సంబంధాల గురించి ముందే తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ఈ ప్రోటీన్లు అన్ని కణాల్లో ఉన్నాయి కదా, మరి కాళ్లే ఎందుకు? చేతులకు వెళ్లే నరాలు పొట్టివి, కాళ్లకు వెళ్లేవి పొడవు. చిన్న లోపం పొట్టి కణంలో సర్దుకుపోతుంది, మీటరు పొడవున పోగుపడితే సర్దుకోలేదు. కేంబ్రిడ్జ్‌లో పండు ఈగల్లో రెటిక్యులాన్, రీప్ ప్రోటీన్లను తొలగించి చూశారు. పొడవైన నరాల్లో గొట్టాల సంఖ్య తగ్గింది, ఉన్నవి లావెక్కాయి, కొన్నిచోట్ల వల తెగి ఖాళీలు పడ్డాయి. ఆ ఖాళీల వల్ల కాల్షియం సరఫరా దెబ్బతింటోందా, కొవ్వు సరఫరాయా అన్నది ఇంకా తేలలేదు.

అదే రోడ్డు, ఇంకో నడక

కాళ్లు ఇలాగే బిగుసుకుపోయే ఇంకో జబ్బుతో తార్నాకకు పాత బంధం ఉంది. కేసరి పప్పు నెలల తరబడి అదే పనిగా తినడంవల్ల వచ్చే లాథిరిజం. కరువు కాలంలో మధ్యప్రదేశ్ రేవా ప్రాంతంలో కూలీలకు కూలి కింద ఈ పప్పే ఇచ్చేవారు. పంటలన్నీ ఎండిపోయినా ఇది బతికేది. తిన్న కూలీలు కర్రలు పట్టారు, తర్వాత నేల మీద పాకారు. 1961లో దేశంలో దీని అమ్మకాన్ని నిషేధించారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్ వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఆ జబ్బు మీద, పప్పులో విషం తగ్గించే పద్ధతుల మీద పనిచేసింది. వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు వార్చేస్తే విషం చాలావరకు పోతుందని చూపించింది. పప్పులోని విషాన్ని, బీటా-ఓడాప్‌ను, 1964లో బెంగళూరు ఐఐఎస్సీలో వేరుచేసిన ముగ్గురిలో ఒకరు ఎస్.ఎల్.ఎన్. రావు. తర్వాత ఆయన ఉస్మానియా బయోకెమిస్ట్రీ విభాగానికి వచ్చి ఏళ్ల తరబడి దాని వెంటే ఉన్నారు. గింజల్లో ఆ విషాన్ని కొలవడానికి 1978లో ఆయన రూపొందించిన రంగు పరీక్షను తర్వాతివాళ్లు విస్తారంగా వాడారు.

లాథిరిజానికి జాలం ప్రోటీన్లు కారణం కాదు. అది తిండి వల్ల వచ్చేది, హెచ్‌ఎస్‌పీ పుట్టుకతో వచ్చేది. అయినా దెబ్బ తగిలేది రెండింటిలోనూ అదే పొడవాటి కణాలకు. బిగుసుకుపోయేది అవే పిక్కలు, నేలకు రాసుకునేది అవే వేళ్లు. పేదవాడి పళ్లెంలోంచి వచ్చిన జబ్బుకు పప్పు మార్చి అడ్డుకట్ట వేయగలిగాం. జన్యువులోంచి వచ్చినదానికి ఆ వీలు లేదు.

ఇప్పుడేం ఉంది

హెచ్‌ఎస్‌పీని నయం చేసే మందు లేదు. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు, బోటాక్స్ ఇంజెక్షన్లు, చీలమండను నిలబెట్టే పట్టీలు ఉన్నాయి. వీటన్నిటికన్నా ముఖ్యం రోజూ చేయాల్సిన ఫిజియోథెరపీ. దాన్ని ఆపేసిన ఆరు నెలలకు కాళ్లు చెప్పే పాఠం ఏ డాక్టరూ చెప్పలేడు. 2022 మార్చిలో టొరంటోలో ఎస్‌పీజీ-50 అనే రకం ఉన్న ఒక పసివాడికి జన్యు చికిత్స ఇచ్చారు. ఒక తండ్రి పట్టుబట్టి శాస్త్రవేత్తల్ని, నిధుల్ని కూడగట్టి సాధించుకున్నది అది. అది వేరే ప్రోటీన్, వేరే రకం. అయినా దారి ఉందని తెలిసింది.

మన దగ్గర అరుదైన జబ్బుల విధానం 2021లో వచ్చింది. దాని కింద కేంద్రం గుర్తించిన ఆస్పత్రుల్లో పంజాగుట్ట నిమ్స్ ఉంది, జన్యు నిర్ధారణలో దానికి జోడీగా ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ ఉంది. ఇంట్లో ఎవరి నడకైనా కారణం తెలియకుండా బిగుసుకుపోతుంటే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద మూడు తరాలు రాసుకోండి. తాతలు, నాన్నమ్మ, అమ్మమ్మ, వాళ్ల తోబుట్టువులు, పిల్లలు, మనవలు. ఎవరు ఏ వయసులో కర్ర పట్టారు, ఎవరిది మేనరికం, ఎవరు చిన్నప్పుడే పోయారు. అరిగిన చెప్పుల జతను పారేయకుండా ఆ కాగితంతో పాటు తీసుకెళ్లండి.